గిద్దలూరులో నాలుగు రేసు టైర్లు

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. చిన్నప్పుడు పొదిలిలో మా అమ్మ నాకు జడ వెయ్యాలంటే రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టుకునేది. ఒక జడ పూర్తయ్యేలోపు రెండోవైపు నుంచి జారుకునేదాన్ని. పెళ్లై గిద్దలూరు వచ్చాక జారుకోవడానికి చోటు లేకుండా పోయింది. మా ఆయనకు బజారులో రంగుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి నేను కౌంటరు వెనక ఉండాలి. ఎవరైనా వచ్చి గోడలకు ఏ రంగు బాగుంటుందని అడిగితే చాలు, లేచి డబ్బాలు దించి, మూతలు తీసి చూపించి, వాళ్లతో పాటు వీధి మలుపు దాకా నడిచి సాగనంపి వచ్చేదాన్ని. మా అత్త అరుగు మీద కూర్చుని చూసేది.

"కొనుక్కున్నోళ్లు ఇంటికి పోయే దారి వాళ్లకు తెలుసు లేమ్మా" అనేది.

రంగుల కంపెనీవాళ్లు అప్పుడప్పుడు మా జిల్లా దుకాణదారులను హైదరాబాదుకు పిలిచి భోజనం పెట్టి కొత్త సరుకు గురించి చెప్తారు. ఒకసారి అట్లాంటి మీటింగు అయ్యాక సరదాకని అందరినీ ఊరి బయట ఉన్న గోకార్టింగు ట్రాకుకు తీసుకుపోయారు. గోకార్ట్ అంటే నేలకు జానెడు ఎత్తున ఉండే చిన్న బండి. పైకప్పు ఉండదు, తలుపులుండవు, కుదుపు తెలియకుండా చేసే స్ప్రింగులుండవు. వెనక ఇంజను, కింద నాలుగు పొట్టి టైర్లు, మధ్యలో మనిషి. మగవాళ్లంతా హెల్మెట్లు పెట్టుకుని వంతులవారీగా తిరుగుతుంటే ఆడవాళ్లం షామియానా కింద బజ్జీలు తింటూ కూర్చున్నాం. నేను రెండు బజ్జీలు తిని లేచాను.

"నేనూ నడుపుతా" అన్నాను మా ఆయనతో.

ఆయన చుట్టూ చూశాడు. బేస్తవారిపేట సిమెంటు దుకాణం ఆయనా, దర్శి హార్డ్‌వేరు ఆయనా మా వైపే చూస్తున్నారు. మా ఆయన ఒక్క క్షణం ఆగి, తన తల మీది హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టాడు. నేను చున్నీ తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆ రోజు ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. మొదటి మలుపులో భయపడ్డాను. రెండో మలుపులో బండి వెనకభాగం పక్కకు జారింది, మళ్లీ సర్దుకుంది. ఆ తర్వాత నా ఒళ్లంతా ఒకే పని మీద ఉంది. ఏళ్ల తరబడి నాలో ఎటు పోవాలో తెలియక తిరుగుతున్నదేదో ఒక దారిన పడినట్టనిపించింది. దిగేసరికి అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి "ఇంతకుముందు నడిపారా మేడం?" అని అడిగింది.

"మా నాయన ట్రాక్టరు నడిపినా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, పెద్దవాళ్లలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం కూడా పోటీలు పెడతామని చెప్పింది. మా ఆయన పక్కనే ఉండి విన్నాడు. గిద్దలూరు తిరిగొచ్చాక నేను చాలా రోజులు ఆ మాట ఎత్తలేదు. రాత్రిళ్లు నిద్రలో నేను కాలు విదిలిస్తుంటే చూసి మా ఆయనే ఒకరోజు అన్నాడు, "ఫోన్ చేసి కనుక్కో. ఏమవుద్ది?" అని.

అట్లా చేరాను. బండీ ఇంజనూ ట్రాకువాళ్లవే, అద్దెకిస్తారు. టైర్లు మాత్రం ఎవరివి వాళ్లవి. ఒక్క సెట్టుతో సీజను మొత్తం నడపాలి. కొన్న రోజునే ప్రతి టైరు పక్కభాగం మీద తెల్లరంగుతో మన నంబరు వేసేస్తారు, మధ్యలో మార్చడానికి లేదు. రేసుకీ రేసుకీ మధ్య ఇంటికి తీసుకుపోయి చూసుకోవాల్సింది మనమే.

మా కోచ్ నిదానస్తుడు, గొంతు పెంచి మాట్లాడడు. మొదటి పాఠమే టైర్ల గురించి చెప్పాడు. "కొత్తవాళ్లందరూ ఇంజను గురించి అడుగుతారు. ఇంజన్లు అందరివీ ఒకటే. మీకూ రోడ్డుకూ మధ్య ఉన్నది ఈ నాలుగు రబ్బరు ముక్కలే" అన్నాడు. ఆ టైర్లకు మన కారు టైర్లలాగా గాట్లు ఉండవు, నున్నగా ఉంటాయి. కొత్తగా ఉన్నప్పుడు ఒక్కసారిగా వేగంగా తిప్పితే పాడవుతాయి. మెల్లగా తిప్పుతూ వేడి నెమ్మదిగా ఎక్కనివ్వాలి, తర్వాత ఒక రోజంతా చల్లారనివ్వాలి. ఆ మెల్లగా తిప్పడం నాకు ప్రాణసంకటమైంది. నా కాలు దానంతటదే కిందికి పోయేది. కోచ్ గట్టు మీద నిలబడి రెండు అరచేతులు కిందికి ఊపుతూ తగ్గించమని సైగ చేస్తూనే ఉన్నాడు. బండి దిగాక "మీరు టైర్లకు అలవాటు చేస్తున్నారో, టైర్లు మీకు అలవాటు చేస్తున్నాయో తెలియడం లేదు మేడం" అన్నాడు.

ఇంకా చాలా చెప్పాడు. గాలి ఎప్పుడూ నీడలో, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. కారుకు పెట్టే గాలిలో సగం కూడా అక్కర్లేదు. రేసు అయ్యాక వేడి టైరుకు ట్రాకు మీది రబ్బరు తునకలు, ఇసుక అంటుకుని గడ్డకడతాయి, వాటిని గీకి తీసెయ్యాలి. ఇంట్లో పెట్టేటప్పుడు వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ కాగితంలాంటిది చుట్టి, నల్ల సంచిలో వేసి, ఎండా గాలీ తగలని చల్లని చోట పెట్టాలి. లేకపోతే రబ్బరులోని నూనె ఆవిరైపోయి గట్టిపడతాయి. గట్టిపడిన టైరు మలుపులో రోడ్డును పట్టుకోదు.

గిద్దలూరులో వేసవి. చల్లని చోటంటే మా ఇంట్లో ఒక్కటే ఉంది, వెనకవైపు రాతిబండల మిద్దె గది. మా అత్త అందులో ఊరగాయ జాడీలు, బెల్లం పెట్టుకుంటుంది. మొదటిసారి టైర్లు తెచ్చి అక్కడ పెట్టినప్పుడు ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఏంది ఇవి?"

"టైర్లు అత్తా."

"టైర్లని నాకు తెల్వదా? ఈ గదిలో ఏందంటున్నా."

"చల్లగా ఉండాలంట. ఎండ తగలగూడదు, గాలి గూడా తగలగూడదు."

"బాలింతకు చెప్పినట్ల చెప్తాండావు" అని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, జాడీలను ఒక మూలకు జరిపింది. అంతకుమించి ఏమీ అనలేదు. బజారులో ఎవరైనా "మీ కోడలు కార్ల రేసులకు పోతాదంట గదా" అని అడిగితే మాత్రం, "కార్లు గాదులే, చిన్నయి" అని చెప్పేదట.

టైర్లను గీకే పని ఇంట్లోనే, వెనక వాకిట్లో. దానికి కావాల్సిన సామాను మా దుకాణంలోనే ఉంది. పాత పెయింటును వేడి చేసి లేపడానికి వాడే వేడిగాలి గన్ను ఒకటి, గోడలకు పుట్టీ పట్టే రేకు ఒకటి. మొదట్లో నేనే చేసేదాన్ని. నాకు ఓపిక తక్కువ, ఒకేచోట ఎక్కువసేపు వేడి పెట్టి రబ్బరు మాడ్చేదాన్ని. మా ఆయన చూసి చూసి ఒకరోజు నా చేతిలోంచి రేకు తీసుకున్నాడు. ఆయన చెయ్యి నిదానం. గన్ను దూరంగా పట్టుకుని, వేడిని అటూ ఇటూ ఆడిస్తూ, అంటుకున్న తునకలను ఒక్కొక్కటిగా లేపేవాడు, గోడ మీద పాత సున్నం గీకినట్టు. అప్పటి నుంచి అది ఆయన పనైపోయింది. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో టైరును ఒళ్లో పెట్టుకుని గీకుతూ కూర్చునేవాడు.

మొదటి రెండు పోటీలు పరవాలేదు. మధ్యలో ఎక్కడో వచ్చాను. రెండో దానికీ మూడో దానికీ మధ్య ఎడం ఎక్కువొచ్చింది, ఎండలు ముదిరాయి. అప్పుడు నాకు నిలకడ పూర్తిగా తప్పింది. దుకాణంలో ఉంటే గది గుర్తొచ్చేది. లేచిపోయి సంచి విప్పి, ప్లాస్టిక్ కాగితం తీసి, గోరుతో నొక్కి చూసి, మళ్లీ చుట్టేదాన్ని. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. కరెంటు పోయినప్పుడల్లా గదిలో వేడి పెరిగిందేమోనని తడిగోనె తెచ్చి కిటికీకి కట్టేదాన్ని. గోరు దిగడం లేదనిపించేది. నిన్నటికంటే ఇవాళ గట్టిగా ఉన్నాయనిపించేది. కోచ్‌కు ఫోన్ చేశాను.

"రోజూ విప్పుతున్నారా?" అని అడిగాడు.

"చూడకపోతే ఎట్ల తెలుస్తాది సార్?"

"విప్పితే గాలి తగిలి ఇంకా గట్టిపడతాయి. దయచేసి వాటిని ముట్టుకోకండి మేడం."

ముట్టుకోకుండా ఉండడం నా వల్ల కాలేదు. రెండో పోటీ రోజున కళ్లద్దాల కుర్రాడొకడు, నాతో పాటు నేర్చుకుంటున్నవాడే, చెప్పిన మాట బుర్రలో తిరుగుతూ ఉండేది. టైర్లకు ఒక మందు పూస్తే మళ్లీ మెత్తబడతాయని, పోటీల్లో అది పూయకూడదని రూలున్నా కొందరు పూస్తుంటారని అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి అన్నం తింటూ మా ఆయనకు చెప్పాను. రూలు సంగతీ చెప్పాననే నా జ్ఞాపకం. ఆయనకు ఆ సగం వినపడలేదో, అంతలో ఎవరో రంగు పలచన చేసే థిన్నరు కోసం వచ్చి పిలిస్తే లేచిపోయాడో.

ఆ రోజుల్లోనే పొదిలిలో మా నాయనకు కంటి ఆపరేషన్ అయింది. నేను వెళ్లి తోడున్నాను. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మంచం మీద పడుకుని ఆయన, "నువ్వు గూడా కాసేపు కూసో తల్లీ, నువ్వు తిరుగుతాంటే ఆ చప్పుడుకు నాకు నిద్ర పట్టడంల్యా" అన్నాడు. కూర్చున్నాను. కూర్చున్నచోట మోకాలు ఆడిస్తూనే ఉన్నాను. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన "టైర్ల సంగతి నేను చూసుకుంటా, నువ్వు నిమ్మళంగా ఉండు" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఉత్సాహం ఉంది. నేను పట్టించుకోలేదు.

నేను గిద్దలూరు వచ్చిన మర్నాడు తెల్లవారగానే హైదరాబాదుకు బయలుదేరాం. దోర్నాల దాటి అడవిదారి. శ్రీశైలం ఘాటులో ఆయన బండి నడుపుతుంటే నేను ప్రతి మలుపులో కాలితో లేని బ్రేకు తొక్కుతూ కూర్చున్నాను. టైర్లు వెనక సీటులో, నీడకని మా అత్త పాతచీర కప్పి ఉన్నాయి. డిక్కీలో వేడెక్కుతాయని అక్కడ పెట్టనివ్వలేదు నేను. కారులో థిన్నరు వాసన వచ్చిందా అంటే వచ్చే ఉంటుంది. కానీ మా ఇంట్లో, మా బట్టల్లో, మా కారులో ఎప్పుడూ ఉండేది ఆ వాసనే. దాన్ని నా ముక్కు ఎప్పుడో పట్టించుకోవడం మానేసింది.

ట్రాకు దగ్గర షెడ్డులో సంచి విప్పాను. ఆరుబయట గాలి, చుట్టూ పెట్రోలు వాసన, గడ్డివాసన. ప్లాస్టిక్ కాగితం తియ్యగానే మా దుకాణం నా మొహాన కొట్టింది.

"ఈ వాసనేంది?" అన్నాను.

"ఏ వాసన?"

"థిన్నరు."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "పట్టేసినావే! నేనే పూసినా. నువ్వు పొదిలిలో ఉన్నన్ని దినాలు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పూసి చుట్టిపెట్టినా. గోరు పెట్టి చూడు, ఎంత మెత్తగా అయినాయో. ఇక్కడికి వచ్చినాక చెప్దామని అట్లనే దాచిపెట్టినా."

గోరు పెట్టాను. వెన్నలో దిగినట్టు దిగింది.

"ఎవరు పూయమన్నారు మిమ్మల్ని?"

"నువ్వే గదా అంటివి. మందు పూస్తే మెత్తబడతాయని ఆ కళ్లద్దాలాయన చెప్పినాడని."

"పూయకూడదని రూలుందని గూడా చెప్పినా గదా."

"అది చెప్పలేదు నువ్వు."

"చెప్పినా."

"చెప్పలేదు." ఆయన మొహంలో వెలుగు మెల్లగా పోయింది. నాలుగు టైర్ల వైపు, తర్వాత నా వైపు చూశాడు. "ఇప్పుడేమవుద్ది?"

అవతల టైర్ల తనిఖీకి వరస మొదలైంది. కళ్లద్దాల కుర్రాడు మా మాటలు విన్నాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏం కాదక్కా. కాసేపు గాలికి పెట్టండి, వాసన పోతుంది. కొత్తవాళ్ల పోటీల్లో ఇంత లోతుగా ఎవరు చూస్తారు?" అన్నాడు.

టైర్లను గాలికి పెట్టాను. పెట్టి, షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగాను. కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను. వచ్చి వాసన చూశాను. అట్లాగే ఉంది. మళ్లీ తిరిగాను. నా ముందు వరసలో మనుషులు తగ్గుతున్నారు. మా ఆయన ఒక టైరు పక్కన గొంతుక్కూర్చుని దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు, తుడిస్తే పోయేదన్నట్టు. ఈ తనిఖీ దాటినా, తర్వాత బండెక్కి, స్టార్టు కోసం వరసలో నిలబడి, ఈ సంగతి కడుపులో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. అది తలుచుకుంటేనే ఊపిరాడలేదు. నిజాయితీ అని ఎవరైనా అంటే నాకు సిగ్గేస్తుంది. దాచిపెట్టుకుని కూర్చునే ఓపిక నాకు లేదు, అంతే. వరస తప్పించుకుని నేరుగా ముందుకు పోయాను.

తనిఖీ చేసేది తెల్లజుట్టు పెద్దావిడ. నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి ఎత్తుకుని ఒక టైరు మీద అరచెయ్యి ఆనించి చూస్తోంది.

"అమ్మా, నా టైర్లకు థిన్నరు పూసి ఉంది" అన్నాను.

ఆమె తలెత్తింది. "ఎవరు పూశారు?"

నేను చెప్పేలోపు మా ఆయన వెనక నుంచి వచ్చి, "నేనే పూసినానమ్మా. ఆమెకు తెల్వదు. ఇప్పుడే తెలిసింది" అన్నాడు.

ఆమె నాలుగు టైర్లూ తెప్పించి చూసింది. వేలిగోరుతో ఒకదాని మీద గీరితే పైపొర సన్నగా లేచి వచ్చింది, పాల మీద కట్టిన మీగడలాగా. దాన్ని నాకు చూపించి, "మొదటి రెండు చుట్లు బాగా పట్టుకుంటాయి. వేడెక్కాక ఈ పొర లేచిపోతుంది. మలుపులో ఉన్నప్పుడు లేచిందనుకోండి, మీరెటు పోతారో నాకు తెలియదు" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "చేతులకు తొడుగులు వేసుకున్నారా?"

"లేదమ్మా. పాతబట్టతో పూసినా."

"ఎక్కడ పూశారు? ఆరుబయటా?"

"గదిలో. గాలి తగలగూడదంట గదా, తలుపేసుకుని."

"తలనొప్పి రాలేదా?"

ఆయన నా వైపు చూడకుండా, "వచ్చింది" అన్నాడు. "రెండు దినాలు కండ్లు తిరిగినాయి. మా అమ్మ ఎండదెబ్బని మజ్జిగిచ్చింది."

ఆ మాట నేను అప్పుడే విన్నాను. రోజూ ఫోన్‌లో మాట్లాడాను, ఒక్కసారి కూడా చెప్పలేదు. నా కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. పెద్దావిడ కూడా మందలించలేదు. మూసిన గదిలో అట్లాంటిది పీలిస్తే మనిషే పడిపోవచ్చని, నిప్పురవ్వ చాలని, ఇంకెప్పుడూ చెయ్యొద్దని మాత్రం నెమ్మదిగా చెప్పింది. నా టైర్లు పనికిరావని పక్కన పెట్టించింది. పట్టుబడకముందే చెప్పాను కాబట్టి ఇంటికి పంపించనంది. ట్రాకువాళ్ల పాత టైర్లతో, అందరికంటే వెనక నుంచి నడపొచ్చు, పాయింట్లు మాత్రం రావు.

షెడ్డు వెనక పాత టైర్ల కుప్ప ఉంది. ఎండకూ వానకూ పడి ఉన్నవి. వాటిలోంచి నాలుగు ఏరుకోవాలి. కోచ్ వచ్చి చూపించాడు: ముందువి రెండూ ఒకేలా అరిగినవై ఉండాలి, వెనకవి రెండూ ఒకేలా ఉండాలి, రబ్బరు అరిగి లోపలి దారాలు బయటపడినవి వద్దు. ఏరి, గాలి పట్టి, సబ్బునీళ్లు పూసి బుడగలొస్తున్నాయేమో చూశాం. ఒకటి కారుతోంది, మార్చాం. అన్నిటికీ మట్టి, ఎండిన రబ్బరు తునకలు. కోచ్ వేడిగాలి గన్ను, రేకు తెచ్చి కింద పెట్టాడు.

మా ఆయన వాటి వైపు చూశాడు కానీ తియ్యలేదు. "నేను ముట్టుకోవచ్చునా?" అని అడిగాడు.

"ముట్టుకోక? నేనొక్కదాన్నే ఎట్ల చేస్తా?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఆయన కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. నేను గాలి చూసే గేజీ పట్టుకుని ఒక్కో టైరు దగ్గరా వంగాను. మూడో టైరు దగ్గర ఆయన చేతులు చూశాను. వేళ్ల చివర చర్మం తెల్లగా పొట్టు లేస్తోంది. ఇంట్లో నేను గమనించలేదు.

పోటీలో మొదటి మలుపుకే బండి నా చేతిలోంచి పోయింది. సబ్బునీళ్లు పోసిన కడపబండల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తినట్టుంది. వెనకభాగం ఇటు జారుతుంది, సరిచేస్తే అటు జారుతుంది. నా అలవాటు ప్రకారం స్టీరింగు గట్టిగా తిప్పాను, గట్టిగా తొక్కాను, ఒకసారి గిర్రున తిరిగి వచ్చినవైపే మొహం పెట్టి ఆగిపోయాను. అందరూ వెళ్లిపోయారు. మళ్లీ తిప్పుకుని బయలుదేరాను. అప్పటికి అర్థమైంది, ఈ టైర్లను ఏదీ ఒక్కసారిగా అడగకూడదని. మలుపుకు చాలా ముందే కాలు తీసేదాన్ని. స్టీరింగును కొద్దిగా తిప్పి అట్లాగే పట్టుకునేదాన్ని. చేతులు ఏదో ఒకటి చెయ్యమని పీకుతుంటే పళ్లు బిగబట్టి ఊరుకునేదాన్ని. కొన్ని చుట్లయ్యాక టైర్లు కాస్త వేడెక్కాయి. ముందు ఒక బండి కనిపించింది. దాన్ని దాటాను. తర్వాత ఇంకొకటి. కళ్లద్దాల కుర్రాడు మలుపులో వెడల్పుగా పోతే లోపలి నుంచి దాటాను. జెండా ఊపేసరికి వెనక నుంచి మొదలైనదాన్ని ఏడో స్థానంలో ఉన్నాను. దిగాక షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన గట్టు దిగి వచ్చాడు. టైర్ల మీద చెయ్యి పెట్టి చూసి, కాలినట్టుంది, చెయ్యి విదిలించాడు.

తిరుగుదారిలో దోర్నాలలో టీకి ఆగాం. టీ గ్లాసు అందుకుని ఆయన అన్నాడు:

"నువ్వు ఆ బండెక్కి పోతాంటే గట్టు మీద నిలబడి ఏం జెయ్యాల్నో తెల్వదు నాకు. చేతులు ఊరికే ఉండవు. మొదటిసారి పోయినప్పుడు నీ చున్నీకి ముళ్లు మీద ముళ్లు వేసినా, తర్వాత విప్పలేక పండ్లతో విప్పినా. ఏదో ఒకటి చెయ్యాల, అంతే. అందుకే పూసినా."

ఇన్నేళ్లూ ఆ ఇంట్లో నిలకడ లేనిది నాకొక్కదానికే అనుకున్నాను. ఆయన అరగంట సేపు ఒక డబ్బా రంగు కలుపుతూ కూర్చుంటే రాయిలాంటి మనిషని విసుక్కునేదాన్ని. గ్లాసు పట్టుకున్న ఆయన చేతి వైపు చూస్తూ, "తలనొప్పి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే నువ్వు మీ నాయనను వదిలిపెట్టి వచ్చేస్తావు."

వచ్చేసేదాన్నే. చెరొక టీ తాగి బయలుదేరాం.

ఇంటికొచ్చి అంతా మా అత్తకు చెప్పాం. ఎన్నో స్థానమో అడిగి, "ఎంతమందిలో?" అని అడిగి, తల ఊపింది. తర్వాత తన గదిలో తలుపేసుకుని కొడుకు థిన్నరు పూశాడన్న సంగతి బుర్రకెక్కింది. లేచిపోయి జాడీల మూతలన్నీ తీసి ఒక్కొక్కటే వాసన చూసింది. తిరిగొచ్చి, "ఊరగాయ సరే, పోతే పోయింది. నీకేమన్నా అయ్యుంటే?" అని కొడుకును వీపు మీద రెండు దెబ్బలు వేసింది. నలభై ఏళ్ల మనిషి వంగి ఆ దెబ్బలు తిన్నాడు.

మర్నాడు ఆయన చేతులు ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని మలాము తెచ్చుకున్నాం. పాడైన సెట్టు పోయింది కాబట్టి, మిగిలిన పోటీలు పాత టైర్లతోనే నడిపాను. పాయింట్ల పట్టికలో నా పేరు చివరి నుంచి వెతకాలి. కానీ ఆ అరిగిన టైర్ల మీద ఊరుకోవడం కొంచెం కొంచెంగా వచ్చింది నాకు, బండి మీద ఉన్నంతసేపు మాత్రం. దుకాణంలో ఇప్పటికీ గిరాకీతో పాటు వీధి మలుపు దాకా నడుస్తూనే ఉన్నాను.

ఈ సీజనుకు కొత్త సెట్టు కొన్నాం. ఆయన ఏ పని చెయ్యాలన్నా ముందు కోచ్‌కు ఫోన్ చేస్తాడు. "సార్, తడిబట్టతో తుడవొచ్చునా? సార్, కుడివైపుది ఎడమకు మార్చొచ్చునా?" కోచ్ ఒకరోజు నాతో అన్నాడు, "ఇదివరకు మీరొక్కరే ఫోన్ చేసేవారు మేడం" అని. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆయన వాకిట్లో కూర్చుని గీకుతుంటే నేను పక్కన నిలబడి గేజీ పట్టుకుంటాను. అప్పుడప్పుడు కూర్చుంటాను కూడా. మా అత్త అరుగు మీద నుంచి చూసి, "గన్ను దూరంగా పట్టుకో రా, మాడిపోతాది" అని కేకేస్తుంది.